ఈ చిత్రంలో చూపిన విధంగా

మా డైరెక్టరుగారు చక్రధరరావుగారు కొండమీద జరిగిన ఒక సెమినారుకి వెళ్లకుండా ఉంటే ఈ రాష్ట్రంలో ఎవరికీ ఏ హానీ జరిగేది కాదు. వెళ్లారు. వెళ్లినవారు హాయిగా వెనక వరసలో కునుకు తియ్యొచ్చు కదా, మిగతా డైరెక్టర్లందరూ అదే చేశారట. ఈయన మాత్రం విన్నారు.

మాది దృశ్యబోధన సంస్థ. ఊళ్లలో జనం ఫోనులో చూసి నేర్చుకునే పాఠాలు తయారు చేస్తాం. పశువులకు టీకాలు ఎప్పుడు వేయించాలి, గ్యాసు వాసనొస్తే ఏం చేయాలి, పొలంలో మట్టిని ఎలా పరీక్ష చేయించాలి, ఇలాంటివి. ఆ పాఠాలకు బొమ్మలూ మాటలూ పేర్చే డిజైనర్లలో నేనొకదాన్ని. పేరు వరూధిని. కాంట్రాక్టు ఉద్యోగం. ఉద్యోగమే కాంట్రాక్టు గానీ నోరు పర్మినెంటు అని మా సూపరింటెండెంటు అనంతపద్మనాభంగారు అంటూ ఉంటారు.

అంతవరకూ పాఠాల్లోకి ఫోటోలు ఇంటర్నెట్‌లో కొనేవాళ్లం. నిజం చెప్పొద్దూ, అవీ దండగమారివే. పాడి పాఠంలో పాలు పితికే మనిషికి నీలికళ్లు, మోకాళ్లదాకా తెల్ల బూట్లు. గేదె ఉండాల్సిన చోట మెడలో గంట కట్టిన దొరగారి ఆవు. ఒక రైతు ఫోన్ చేసి, ఆ బూట్లు వేసుకుంటే పాలు ఎక్కువిస్తాయా అని అడిగాడు. అందుకని డైరెక్టరుగారు సెమినారునుంచి వచ్చి, డిజైనర్లు తమ సొంత ప్రయాణాల్లో తీసుకున్న ఫోటోలు పాఠాల్లో వాడుకుంటే ఎంత బాగుంటుందో అక్కడ ఎవరో చెప్పారని అన్నప్పుడు నేనూ సంతోషించాను. మాట బాగానే ఉంది. పనికొచ్చే ఫోటో ఉంటే వాడుకుంటాం, ఖర్చు తగ్గుతుంది, మన మనుషులూ మన ఊళ్లూ కనబడతాయి.

మా ఆఫీసులో మంచి మాటకి ఆయుష్షు తక్కువ. మధ్యాహ్నానికల్లా అనంతపద్మనాభంగారి చేతిలో పడి సర్క్యులర్ అయిపోయింది. ఆయన రాసేది గ్రాంథికం. అది చాలదన్నట్టు మాట్లాడేదీ గ్రాంథికమే.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకపై ఏ పాఠమునందును కొనుగోలు చేసిన చిత్రములు వాడరాదు. సిబ్బంది తమ సొంత యాత్రలయందు స్వహస్తములతో తీసిన ఛాయాచిత్రములు మాత్రమే వాడవలెను. కొన్న చిత్రమునందు ప్రాణముండదు. వెళ్లి తీసిన చిత్రమునందు అనుభవముండును."

ఇక్కడ మనవాళ్ల అలవాటు ఒకటి చెప్పుకోవాలి. మనం దేన్నీ దానంతట దాన్ని ఫోటో తీయం. గోపురం కనబడితే దాని ముందు మామగారిని నిలబెడతాం. ఆనకట్ట కనబడితే అడ్డంగా తోడల్లుడి కుటుంబాన్ని పరుస్తాం. ఉత్త కొండని ఫోటో తీసినవాణ్ణి చూస్తే, పాపం వీడికి ఎవరూ లేరు కాబోలు అనుకుంటాం. మొత్తం ఆఫీసు ఫోన్లన్నీ గాలించినా మనిషి అడ్డం లేని వస్తువు ఒక్కటీ దొరకలేదు.

రూలు రూలే. పాఠాలు బయలుదేరాయి. చేతులు కడుక్కునే పాఠంలో మా అకౌంట్స్ గుమాస్తా కుటుంబం జలపాతం కింద తలలు తడుపుకుంటూ కేరింతలు కొట్టింది. అగ్నిప్రమాదాల పాఠంలో చలిమంట చుట్టూ స్టెనోగారి మరదళ్లు డాన్సు చేశారు. దంతసంరక్షణకు టైపిస్టు హనీమూను నవ్వు సరిపోయింది. మట్టి పరీక్ష దగ్గర కాస్త ఇబ్బంది వచ్చింది గానీ, స్టోర్సు ఇన్‌చార్జిగారు బీచిలో తన బావమరిదిని మెడదాకా ఇసుకలో పూడ్చి తీసిన ఫోటో ఇచ్చి ఆదుకున్నారు.

మా సంస్థ పుట్టినప్పటినుంచీ ప్రతి ఫోటో కింద ఒక వాక్యం తప్పనిసరిగా వేస్తాం: "ఈ చిత్రంలో చూపిన విధంగా ఆచరించండి." ఆ వాక్యం తీసేయాలంటే పాలకమండలి తీర్మానం కావాలి. కాబట్టి బావమరిది కిందా అదే వేశాం. వారం తిరక్కుండా ఒక రైతు ఫోన్ చేశాడు. మట్టి పరీక్షకి బావమరిదే కావాలా, తమ్ముడైనా పనికొస్తాడా అని ఎంతో మర్యాదగా అడిగాడు. డైరెక్టరుగారికి ఆ ఫోన్ సంగతి చెబితే పొంగిపోయారు. ఇన్నేళ్లలో ఒక రైతు మన పాఠం చూసి ప్రశ్న వేయడం ఇదే మొదటిసారి అన్నారు. బూట్ల సంగతి అడిగిన రైతుని ఆయన మరిచిపోయారు.

ఇదంతా నాకూ నవ్వులాటగానే ఉండేది, వరద పాఠం నా బల్లమీదకి రానంతవరకూ.

మా అక్క మంగతాయారుది గోదావరి మధ్యలో పొన్నగంటిలంక. నిరుడు వరదలో లంకజనాన్ని ఒడ్డుకి చేర్చడానికి పడవ వచ్చినప్పుడు అందరూ తోసుకుంటూ ఒకే పక్కన ఎక్కారు. పడవ ఒరిగింది. అక్క కూతురు నీలవేణి నీళ్లలో పడిపోయింది. ఎవరో జడ చేతికందితే పట్టుకు లాగారు. ఆ జడ కాస్త పొట్టిగా ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు. అందుకే ఈ పాఠం నాకివ్వండి అని అడిగి మరీ తీసుకున్నాను. చెప్పాల్సింది కొంచెమే. ముందు లైఫ్ జాకెట్టు కట్టుకో. పడవ మధ్యలో అడుగుపెట్టు. వెంటనే కూర్చో. దిగేదాకా లేవకు. ఈ ముక్కలు కళ్లకు కట్టేలా చూపించే ఫోటోలు ఉంటే చాలు, వచ్చే వరదకి పిల్లలు ఒడ్డున పడతారు.

లైఫ్ జాకెట్టు మా స్టోర్సులోనే ఒకటి ఉంది. అటెండరు సాంబయ్యకి తొడిగి, వరండాలో బెంచీమీద కూర్చోబెట్టి చక్కగా ఫోటోలు తీశాను. ముడి ఎలా వేయాలో కూడా కనబడుతోంది. అనంతపద్మనాభంగారు అద్దాలు సవరించుకుని చూశారు.

"చిత్రము బాగున్నది. జాకెట్టు స్పష్టముగా నున్నది. కానీ ఈ సాంబయ్య ఎక్కడికి వెళ్లినాడు?"

"ఎక్కడికీ వెళ్లలేదు సార్. మన వరండాయే."

"అదియే లోపము," అని ఫోటోలు తిరిగి ఇచ్చేశారు.

పోనీ అని నిరుడు వరదలో అక్క తన ఫోనులో తీసి పంపిన ఫోటోలు పెట్టాను. వీధిలో పారుతున్న నీళ్లు, చూరు పట్టుకుని నిలబడ్డ జనం, దూరంగా పడవ. ఆయన వాటిని ఇంకా శ్రద్ధగా చూశారు. తీసినావిడ సిబ్బంది కాదనేది ఒక అభ్యంతరమట. అసలు అభ్యంతరం అది కాదట. ఆవిడ యాత్ర చేయలేదు, ఇంటిలోనే ఉంది, నీరే ఆవిడ దగ్గరికి వచ్చింది, కాబట్టి యాత్ర చేసినది నీరు. నాకు ఒళ్లు మండి, అయితే ఫోటోలు గోదావరినే పంపమంటారా అన్నాను. ఆయన కోప్పడలేదు. అది కూడా స్పష్టత కోరవలసిన అంశమేనని కాగితం మీద రాసుకున్నారు.

సరే, నేనే రేవుకి వెళ్లి తీసుకొస్తాను, టూరు రాయండి అని అడిగాను. టూరు వేసి వెళ్తే అది సంస్థ యాత్ర అవుతుంది గానీ సొంత యాత్ర కాదన్నారు. అయితే సెలవివ్వండి అన్నాను. దేనికని అడిగారు. ఫోటో తీయడానికన్నాను.

"అది కార్యాలయపు పని. కార్యాలయపు పనికి సెలవు మంజూరు చేయుట ఎట్లు?"

"పోనీ ఊరికే తిరగడానికి వెళ్తున్నానని రాస్తాను."

"పాఠము ఆలస్యమగుచుండగా ఊరకే తిరుగుటకు సెలవా?" అని ఎంతో బాధపడి, నా మొహం చూసి జాలేసిందేమో, తన ఫ్లాస్కులోంచి మజ్జిగ పోసి ఇచ్చారు. ఆయన చెడ్డమనిషి కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డమనిషయితే తిట్టుకునైనా బతకొచ్చు.

ఈలోగా ఆషాఢం వెళ్లిపోవచ్చింది. గోదావరిలో ఎర్రనీరు దిగిందని అక్క చెప్పింది. పాఠం ఫోటోలు లేక ఆగిపోయిందని తెలిసి డైరెక్టరుగారే నన్ను పిలిచారు. తన ఫోను నా ముందుకు జరిపి, "తీసుకోండి, నా పర్సనల్ కలెక్షన్," అన్నారు.

కిందటి కార్తీకంలో పాపికొండలు వెళ్లినప్పటి ఫోటో. డైరెక్టరుగారి కుటుంబంలో ఆడా మగా పిల్లా జెల్లా అందరూ పడవలో ఒకే పక్కకి వచ్చి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని, రెయిలింగు మీంచి బయటికి వంగి నవ్వుతున్నారు. అవతలి పక్కకి వెళితే ఫోటోలో కొండలు రావట. లైఫ్ జాకెట్లన్నీ కాళ్ల దగ్గర కుప్పపోసి ఉన్నాయి. వేసుకుంటే ఆడవాళ్ల ధర్మవరం చీరల అంచులు కనబడవు కదా. ఆ కుప్పమీద ఒక బుడతడు కూర్చుని జంతికలు తింటున్నాడు. పడవ బాగా ఒరిగి ఉంటే డైరెక్టరుగారి పేషీవాళ్లు కంప్యూటరులో నిటారు చేశారు. దాంతో పడవ నిలబడి కొండలు ఒరిగాయి.

ఆయన కూర్చోమనకుండానే నేను కూర్చున్నాను. నిరుడు అక్కావాళ్ల లంకలో ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పాను. నీలవేణి జడ సంగతి కూడా చెప్పాను. ఈ ఫోటో వేస్తే మళ్లీ ఎవరి పిల్లయినా పడుతుందని, ఈసారి జడ దొరుకుతుందో లేదో తెలియదని చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నారు.

"వరూధినిగారూ, మీ ప్రాబ్లం ఏంటంటే మీరు కంటెంట్ చూస్తున్నారు. నేను ఎమోషన్ చూస్తున్నాను. లెర్నర్ ముందు ఫీలవ్వాలి, తర్వాత నేర్చుకుంటాడు. ఈ ఫోటోలో ఇంతమంది మొహాలు చూడండి. ఎక్కడైనా భయం ఉందా?"

"లేదండి. ఉండాల్సింది."

ఆయన నవ్వి, అదే వేయమన్నారు. వేశాం. కింద మామూలు వాక్యమూ వేశాం.

శ్రావణం రాగానే అక్క ఫోన్ చేసింది. పాఠం వచ్చిందని, పొదుపు గ్రూపు ఆడవాళ్లంతా కూర్చుని చూశారని చెప్పింది. వరదొస్తే పట్టుచీరలే కట్టుకోవాలా, నేతచీరలైనా పర్వాలేదా అని అందరూ తనని అడుగుతున్నారట. నాకు నవ్వాగలేదు.

"నవ్వకే వరూ. నిన్న సాయంత్రం రేవులో పిల్లలంతా కట్టేసిన పడవెక్కి, ఓ పక్కన నించుని, బయటికి వంగి ఫోజులు పెడతన్నారు. నీలవేణీ అందులోనే ఉంది. ఏంటే అంటే, వరదొస్తే ఇలాగే చెయ్యాలంట, పిన్ని ఆఫీసువాళ్లు చెప్పారంటది."

అది తప్పని అందరికీ చెప్పు అన్నాను. నేను చెబితే ఎవరింటారే, గవర్నమెంటు ఫోన్లో చూపించింది, నువ్వెవరివంటారు అంది. నిరుడు జనం తెలియక ఒక పక్కకొచ్చారు. ఈసారి మేం నేర్పినందుకు వస్తారు.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరుగారి గదికి వెళ్లి, పాఠం వెనక్కి తీసుకోమని, కావాలంటే నా ఉద్యోగం తీసేయమని అడిగాను. ఆయన ఏం విన్నారో ఏమో గానీ, లంకలో పిల్లలు పాఠాన్ని ప్రాక్టీసు చేస్తున్నారన్న ముక్క మాత్రం పట్టుకున్నారు. వెంటనే అనంతపద్మనాభంగారిని పిలిచి, పాఠం ఆవిష్కరణ సభ పొన్నగంటిలంకలోనే పెట్టమన్నారు. లెర్నర్ దగ్గరికి మనమే వెళ్దాం అన్నారు.

వాళ్లు టూరు వేసుకున్నారు. కాంట్రాక్టు వాళ్లకి టూరు లేదన్నారు. ఈసారి సెలవు చీటీలో అక్క ఇంట్లో వరలక్ష్మీవ్రతం అని రాశాను. అనంతపద్మనాభంగారు చూడగానే సంతకం పెట్టి, "శుభము. సకుటుంబముగా వెళ్లి రండి," అన్నారు.

రేవులో షామియానా, మైకు, కొబ్బరిబొండాలు. నది అప్పటికే మెట్లు మింగుతోంది. డైరెక్టరుగారు తెర మీద తన కుటుంబం ఫోటో చూపించి చాలాసేపు ఎమోషన్ గురించి చెప్పారు. ఆ తర్వాత ప్రత్యక్ష ప్రదర్శన ఇస్తామన్నారు. ఆయనా, అనంతపద్మనాభంగారూ, ఇంకొందరు అధికారులూ ఇస్త్రీ చొక్కాలతో పడవెక్కారు. కొత్త లైఫ్ జాకెట్ల సంచి మూతి కూడా విప్పలేదు. పడవవాడు కంగారుపడ్డాడు.

"ఆయ్, కూచోండి బాబూ. నించుంటే ఆగదండి."

పాఠంలో మావాళ్లు నిల్చునే ఉన్నారు కదయ్యా అన్నారు డైరెక్టరుగారు. ఒడ్డునున్న సంస్థ ఫోటోగ్రాఫరు బ్యానర్ కనబడటం లేదని ఒక అడుగు ఇటు జరగమన్నాడు. జరిగారు. చివర ఉన్నాయన మొహం పడటం లేదని ఇంకొంచెం జరగమన్నాడు. అందరూ ఒకే పక్కకి వచ్చి, భుజాల మీద చేతులేసుకుని, బయటికి వంగారు. సార్ కూర్చోండి, కూర్చోండి అని నేను ఒడ్డునుంచి గొంతు చించుకుని అరిచాను. డైరెక్టరుగారు నన్ను చూసి, ఫోటో బాగా తియ్యమంటున్నట్టు చెయ్యూపి ఇంకా వెడల్పుగా నవ్వారు. నా చేతిలో ఫోను ఉంది. ఎందుకు నొక్కానో నాకే తెలియదు, నొక్కాను. మరుక్షణం అందరూ బుట్టలోంచి వంకాయలు దొర్లినట్టు గోదాట్లో పడ్డారు.

అదృష్టం బాగుండి రేవు దగ్గర మొలలోతే. అడుగున బురద, పైన పొట్టలు పట్టుకుని లాగే నీరు. అనంతపద్మనాభంగారు బ్యానర్ని వాటేసుకుని "నన్ను రక్షింపుడు, నన్ను రక్షింపుడు," అంటున్నారు. ఒడ్డునున్న కుర్రాళ్లు ఈయనకేం కావాలో అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి మా అక్కే చీర కుచ్చెళ్లు దోపుకుని దిగి, ఆయన్ని కండువా పట్టుకుని ఈడ్చుకొచ్చింది. డైరెక్టరుగారిని పడవవాడు చంకలకింద చేతులేసి లేపాడు. జాకెట్ల సంచి ఒక్కటే ఎవరి సాయమూ లేకుండా తేలుతూ వెళ్లిపోయింది.

పిల్లలంతా మెట్ల మీద నిలబడి నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. అక్క వాళ్లవైపు తిరిగి, చూశారుగా, అందరూ ఓ పక్కకొస్తే ఇదీ జరిగేది అంది. నీలవేణి తన జడ పట్టుకుని నిలబడిపోయింది.

ఆఫీసుకి వచ్చాక ఫోనులో ఫోటో చూసుకుంటే నాకే ఆశ్చర్యం వేసింది. పడవ సరిగ్గా ఒరిగిన క్షణం. ఒక పక్క ఖాళీ, ఒక పక్క గుంపు, చొక్కాలు నీళ్లవైపు వాలుతున్నాయి. పడవ ఎలా తిరగబడుతుందో ఇంతకన్నా బాగా చూపించే ఫోటో ఇంకోటి ఉండదు. పైగా తీసింది సిబ్బంది, సొంత ఫోను, సొంత సెలవు, సొంత యాత్ర. ఫోటోలు ఆమోదించే కమిటీ ముందు పెట్టాను. అనంతపద్మనాభంగారు జలుబుతో చీదుకుంటూ ఎంత వెతికినా ఒక్క లోపమూ దొరకలేదు.

"నియమానుసారముగా నున్నది," అని తలవంచుకున్నారు.

ఇక డైరెక్టరుగారు చూడాలి. ఆయన దాన్ని దగ్గరగా, దూరంగా, వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశారు. ఇంటికి పంపించేస్తారని నేను నిశ్చయించుకున్నాను.

"ఫేస్ క్లియర్‌గా వచ్చింది," అన్నారాయన. "ఇందులో ఫీల్ ఉంది. పాతది తీసేసి ఇది పెట్టండి."

నేను ఆనందం పట్టలేక బల్ల దగ్గరికి పరిగెత్తి, దాని కింద పెద్ద అక్షరాలతో "ఇలా చేయకండి" అని రాశాను. గంట తిరక్కుండా కాగితం వెనక్కి వచ్చింది. డైరెక్టరుగారు స్వయంగా చేయుచున్న పనిని చేయవలదని ప్రజలకు చెప్పుట క్రమశిక్షణా రాహిత్యమగునట. ఎర్రసిరాతో నా మాట కొట్టేసి మామూలు వాక్యం రాసి పంపారు. ఈ చిత్రంలో చూపిన విధంగా ఆచరించండి.

వెళ్లి పోట్లాడాను. ఇంతవరకూ జనానికి పడిపోయే ముందు నిలబడటం వరకే నేర్పాం, ఇప్పుడు పడిపోవడం కూడా నేర్పుతున్నాం అన్నాను. అయితే పాఠంలోంచి నా పేరైనా తీసేయండి అన్నాను. తీసిన వారి పేరు లేని ఛాయాచిత్రము వాడరాదు కదా అని అనంతపద్మనాభంగారు మెల్లగా అన్నారు. పాఠం నా పేరుతోనే వెళ్లింది.

వరద ఆ తర్వాత ఎంతో కాలం ఆగలేదు. ఎగువనుంచి నీళ్లు వదులుతున్నారని, లంకలు ఖాళీ చేయాలని టీవీలో చెప్పారు. అక్కకి ఫోన్ కలవలేదు. బావకి కలవలేదు. టవరు పడిపోయిందన్నారు. టీవీలో పడవలు చూపిస్తున్నారు, ఏ లంకవో చెప్పటం లేదు. నేను ఆ తెరకి అతుక్కుపోయి ప్రతి పడవలోనూ పొడుగు జడ కోసం వెతుక్కున్నాను. నా చేత్తో పెట్టిన ఫోటో, నా పేరు రాసిన ఫోటో, అది చూసి ఆ పిల్ల మళ్లీ ఆ పక్కకే వెళ్లి నిలబడితే ఇక నేను అక్క మొహం ఎలా చూడాలి? బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.

అక్క ఫోన్ వచ్చింది, ఎవరి నెంబరునుంచో. గట్టు మీది హైస్కూల్లో ఉన్నామంది.

"నీలవేణి ఏదే?"

"ఇదిగో, పులిహోర పొట్లం తింటంది. అందరం చేరిపోయామే. ఒక్క కోడి కూడా పోలేదు."

అక్క చెప్పుకుపోయింది. పడవ రాగానే ఎప్పటిలాగే జనం అంతా ఒక పక్కకి ఎగబడ్డారట. పడవ కొంచెం వాలింది. అప్పుడు నీలవేణి మధ్యలోంచి గట్టిగా, ఎవరూ డైరెక్టరు అవకండి, కూచోండి అని అరిచిందట. అంతే, రేవులో ఆ రోజు చూసినవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ చతికిలపడిపోయారట. ఇప్పుడు లంకలో అదే మాటయిపోయింది. పడవలో ఎవడైనా లేచి నిలబడితే, ఏరా డైరెక్టరువా, కూచో అంటున్నారట.

"మరి పాఠం? అందులో కొత్త ఫోటో చూశారా?" అని భయం భయంగా అడిగాను.

"చూసి ఏం చేత్తామే, ఎదురుగా చూశాక," అంది అక్క. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో అక్కకి అర్థం కాక, పిల్లకి ఫోను ఇచ్చేసింది.

ఇక్కడితో అయిపోతే బాగుండును. పొన్నగంటిలంకలో ప్రాణనష్టం లేదని జిల్లానుంచి నివేదిక వచ్చింది. అధికారుల ప్రదర్శన వల్లనే ప్రజలు సురక్షితంగా దాటారని అందులో రాశారు. రాసినవాళ్లు వెటకారంగా రాశారో, నిజంగా రాశారో నాకు తెలియదు గానీ, అక్షరాలా నిజమే. పైనుంచి మా సంస్థకి ప్రశంసాపత్రం దిగింది. డైరెక్టరుగారు సభ పెట్టి కారణం వివరించారు. ఇన్నాళ్లూ మనం ఉత్తినే విహారానికి వెళ్లి ఫోటోలు తీసుకున్నాం, అందుకే జనం నేర్చుకోలేదు, ఈసారి ప్రమాదంలోకి వెళ్లి తీసుకున్నాం, అందుకే నేర్చుకున్నారు అన్నారు. చప్పట్లు మోగాయి. అనంతపద్మనాభంగారి చప్పట్లు మాత్రం మధ్యలో ఆగిపోయాయి. ఆయనకి సర్క్యులర్ వాసన ముందే తెలుస్తుంది.

సర్క్యులర్ ఆయన చేతే రాయించారు. "ఇకపై ప్రమాద నివారణ పాఠములయందు, సంబంధిత అధికారులు స్వయముగా సదరు ప్రమాదమునకు లోనగుచుండగా తీసిన ఛాయాచిత్రములు మాత్రమే వాడవలెను. కాంట్రాక్టు సిబ్బందికి ఈ గౌరవము వర్తించదు." ఉద్యోగంలో చేరాక మొదటిసారి, పర్మినెంటు కానందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాతి పాఠం పాముకాటు. దాని తర్వాతది పిడుగుపాటు. అధికారుల వరస సీనియారిటీ ప్రకారం వేశారు. అందరికన్నా పైన ఉన్నది డైరెక్టరుగారు గానీ, ఆయన ఒకసారి పడ్డారు కాబట్టి మినహాయింపు తీసుకున్నారు. ఆ తర్వాతి పేరు అనంతపద్మనాభంగారిది; ఆయనా పడ్డారు గానీ మినహాయింపు డైరెక్టరు హోదాకేనట.

సాయంత్రం అందరూ వెళ్లాక అనంతపద్మనాభంగారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. చేతిలో ఫ్లాస్కు ఉంది, మూత తీయలేదు.

"వరూధినమ్మా, వచ్చే ఏడాదే నా రిటైర్మెంటమ్మా," అన్నారు. "ఏదైనా విషం లేని పాము దొరుకుతుందేమో మీ అక్కగార్ని అడగవా తల్లీ."

ఆయన నోట మామూలు తెలుగు వినడం నాకు అదే మొదలు. రూలు కొట్టేయమని రాయండి సార్, నేనూ సంతకం పెడతాను అన్నాను. సర్క్యులరు ఇచ్చేశాం కదమ్మా, ఎలా కుదురుతుంది అన్నారు. ఆ మాటనేటప్పుడు ఆయన గొంతులో రవ్వంత కూడా సందేహం లేదు.

అక్కకి ఫోన్ చేశాను. లంకకి తిరిగొచ్చి ఇల్లు కడుక్కుంటోందట. పాముకాటు పాఠం సంగతీ, మా సార్లు వరసలో నిలబడ్డ సంగతీ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. అక్క నవ్వలేదు.

"వరద తీసేసరికి ఇంటింటా పాములేనే. పొద్దున్న నీలవేణి మంచం కింద ఒకటి కనబడింది. మీ సార్లని బేగి పంపించు. వాళ్లు వచ్చి చేసి చూపిత్తే గానీ మా పిల్లలకి బుర్రకెక్కదు."